ఫిడేలు గొంతు తగ్గించేదెలా?

రండర్రా, ఇలా వచ్చి కూర్చోండి. వాయిద్యాన్ని గట్టిగా పలికించడం ఎలాగో అందరూ చెబుతారు. ఇవాళ మనం దాని గొంతు తగ్గించడం గురించి మాట్లాడుకుందాం. నన్నడిగితే శబ్దశాస్త్రంలో సగం సంగతులు ఇక్కడే దొరుకుతాయి.

ఫిడేలు నేర్చుకునేవాళ్ళ దగ్గర ఓ చిన్న నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది, గమనించారా? రూపాయి బిళ్ళంత ఉంటుంది. తీగల్ని ఎత్తిపట్టే చెక్క ముక్క ఉంటుంది చూడండి, అదే బ్రిడ్జి, దానికి వెనక, తీగల మీద ఊరికే వేలాడుతుంటుంది. దాన్ని ముందుకు జరిపి బ్రిడ్జికి తగిలించారంటే ఫిడేలు గొంతు ఒక్కసారిగా మారిపోతుంది. పదును పోతుంది, గరుకు పోతుంది, ఎవరో పక్క గదిలో కూర్చుని వాయిస్తున్నట్టుంటుంది. దాన్నే మ్యూట్ అంటారు. వాయించే వైపు తీగను అది తాకనే తాకదు. కమానును తాకదు, పెట్టెను తాకదు. కొద్ది గ్రాముల బరువున్న ముక్క బ్రిడ్జిని పట్టుకుని కూర్చుంటే అంత మార్పు ఎలా వచ్చిందంటారు?

ముందుగా, తీగకు సొంతంగా గొంతు లేదని తెలుసుకోవాలి. నమ్మకపోతే ఓ రబ్బరు బ్యాండు తీసుకుని రెండు వేళ్ళ మధ్య సాగదీసి మీటండి. చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినపడదు. అదే బ్యాండును ఖాళీ మిఠాయి పెట్టె చుట్టూ చుట్టి మీటండి, గది అంతా వినిపిస్తుంది. సన్నటి తీగ అటూ ఇటూ ఊగినప్పుడు ముందున్న గాలి నొక్కుకోకుండా పక్కనుంచి జారి వెనక్కి పోతుంది. గాలిని గట్టిగా నెట్టాలంటే వెడల్పాటి పలక కావాలి. ఫిడేలు పెట్టె పైచెక్క చేసే పని అదే.

మరి తీగ ఊపు పైచెక్కకు చేరేది ఎలా? బ్రిడ్జి ద్వారా. శబ్దం ఇంట్లోంచి బయటికి వచ్చే గుమ్మం అదన్నమాట. మేపుల్ చెక్కతో చేసిన ఆ బ్రిడ్జి బరువు సుమారు 2 గ్రాములు. నాలుగు తీగల బిగువు మొత్తం కలిపితే 20 కిలోల పైమాటే, అందులో కొంత భాగం దాని నెత్తిన ఒత్తుతుంటుంది. అయినా అది బొమ్మలా నిలబడిపోదు. కమాను తీగను పక్కకు లాగుతూ వదులుతూ ఉంటే, బ్రిడ్జి ఒక కాలి మీదా ఇంకో కాలి మీదా మార్చి మార్చి ఒరుగుతుంది. ఒక కాలికి దగ్గరలో పెట్టె లోపల సౌండ్ పోస్ట్ అనే చిన్న కర్ర నిలబెట్టి ఉంటుంది కాబట్టి ఆ కాలు ఎక్కువగా కదలలేదు. రెండో కాలు మాత్రం పైచెక్కను పంపు కొట్టినట్టు కొడుతుంటుంది.

ఆ కొట్టడం ఒక్క వేగంతో జరగదు. ఒక తీగ సెకనుకు 440 సార్లు ఊగుతోందనుకోండి. దాంతోపాటే 880, 1,320, 1,760 అంటూ వేల దాకా పైస్వరాలు పలుకుతూ ఉంటాయి. మనం వినేది ఒక్క స్వరమే అనుకుంటాం కానీ అదొక గుంపు. ఆ గుంపులో పైవాళ్ళు ఎంత బలంగా ఉంటే నాదం అంత పదునుగా ఉంటుంది. ఫిడేలు బ్రిడ్జికి నడుము దగ్గర కోతలు పెట్టి సన్నగా చెక్కుతారు, అందువల్ల దానికీ కొంచెం స్ప్రింగు గుణం ఉంటుంది. సుమారు 2,500 నుంచి 3,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు అన్ని ఊపుల దగ్గర, అది ఉత్సాహంగా ఊగుతుంది, ఆ ప్రాంతపు పైస్వరాల్ని తోసి తోసి బయటికి పంపుతుంది. మన చెవి సంగతి చూడండి. చెవి గొట్టం పొడవు దాదాపు 2.5 సెంటీమీటర్లు. ఆ పొడవున్న గొట్టం 3,000 హెర్ట్జ్‌కి దగ్గర్లో తనంతట తానే మోగుతుంది. అందుకే 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య మన చెవి మహా చురుకు. ఫిడేలు గట్టిగా పంపేదీ అక్కడే, మనం బాగా వినేదీ అక్కడే. ఇంత చిన్న పెట్టె పెద్ద హాలంతా నిండిపోవడంలో ఈ పొత్తుకు పెద్ద పాత్ర ఉంది.

ఇప్పుడు ఆ 2 గ్రాముల బ్రిడ్జికి మ్యూట్ బరువు తగిలించాం. బరువైన వస్తువును నెమ్మదిగా ఊపడం పర్వాలేదు కానీ, అంతే బలంతో త్వరత్వరగా ఊపాలంటే అది మొరాయిస్తుంది. ఒకే బలంతో నెట్టినా, ఊపు వేగం రెట్టింపయిందంటే ఆ వస్తువు కదలిక బాగా పడిపోతుంది. కాబట్టి మ్యూట్ పెట్టాక కింది స్వరాలు కాస్త తగ్గి గుమ్మం దాటుతాయి, పైస్వరాలు మాత్రం లోపలే చిక్కుకుపోతాయి. పైగా బ్రిడ్జి ఉత్సాహంగా ఊగే చోటు కూడా బరువు వల్ల 3,000 నుంచి బాగా కిందికి జారిపోతుంది. చెవికి ఇష్టమైన చోట సరుకు రావడం తగ్గిపోయింది. మ్యూట్ అన్నిటినీ సమానంగా తగ్గించదు, కొన్నిటిని ఏరి ఆపుతుంది. టీవీ సౌండు తగ్గించడానికీ ఫిడేలుకి మ్యూట్ పెట్టడానికీ తేడా ఇదే. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే మిగతా కథంతా దారిలో పడుతుంది.

వంటింట్లో చేసి చూడండి. స్టీలు కంచం అంచుకు దారం కట్టి వేలాడదీసి చెంచాతో కొట్టండి, ఖంగుమంటుంది. ఇప్పుడు ఉసిరికాయంత చపాతీ పిండి ముద్ద దాని అంచుకు అంటించి కొట్టండి. స్వరం కిందికి దిగుతుంది, మోత తొందరగా ఆగిపోతుంది. ఇక్కడ పిండి రెండు పనులు చేసింది. బరువై కూర్చుని కంచాన్ని నెమ్మదిగా ఊగమంది, ఒక పని. తన మెత్తదనంతో ఆ ఊపును నలిపి వేడిగా మార్చేసింది, రెండో పని. ఆ వేడి చేతికి తెలిసేంత ఉండదనుకోండి. మొదటిది అడ్డుకోవడం, రెండోది తినేయడం. లోహంతో చేసిన బరువైన మ్యూట్ ప్రధానంగా అడ్డుకునే రకం. మరి అడ్డుకున్న శబ్దం ఎటు పోయింది? ఎటూ పోలేదు, తీగలోనే ఉండిపోయింది. బరువు మ్యూట్ పెట్టి కమానుతో కాకుండా వేలితో మీటి చూడండి. శబ్దం చిన్నదే కానీ మామూలు కన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. గుమ్మం ఇరుకైతే లోపలి శక్తి నెమ్మదిగా కదా ఖర్చయ్యేది! నాకు ఈ సంగతి ఎంత ఇష్టమో చెప్పలేను. గొంతు తగ్గితే ఆయువు పెరిగింది.

ఈ మ్యూట్ మీద మనసు పెట్టి ఆలోచించిన వాళ్ళలో మనవాడు ఒకాయన ఉన్నాడు, సర్ సి.వి. రామన్. కాంతి మీద నోబెల్ వచ్చింది కాబట్టి అందరూ దాన్నే చెబుతారు గానీ, అంతకు ముందు పదేళ్ళకు పైగా ఆయన మనసంతా వాయిద్యాల మీదే ఉండేది. ఆయన చదువు మొదలైంది మన విశాఖపట్నంలోనే. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్చరర్. రామన్ సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. తర్వాత 1907లో కలకత్తాలో ఆర్థిక శాఖలో పెద్ద ఉద్యోగం. పొద్దున్న ఆఫీసుకు ముందూ, సాయంత్రం ఆఫీసు తర్వాతా బౌబజార్ వీధిలోని సైన్స్ అసోసియేషన్ ప్రయోగశాలలో తీగలతో, కమానులతో కుస్తీ. ఆయన వెంటపడ్డ చిక్కుల్లో ఒకటి ఇది: సెల్లోలాంటి పెద్ద వాయిద్యాల్లో ఒక స్వరం దగ్గర నాదం నిలకడగా ఉండక తోడేలులా గుర్రుమంటుంది. దాన్ని వుల్ఫ్ నోట్ అంటారు. పెట్టె తనకు తానుగా ఊగే వేగమూ తీగ వేగమూ ఒకటైన చోట వచ్చే తగాదా అది. బ్రిడ్జి మీద బరువు పెడితే పెట్టె సహజంగా ఊగే ఆ వేగాలు కిందికి దిగుతాయని, మ్యూట్ వల్ల నాదం మారడంలో అసలు కీలకం అక్కడే ఉందని రామన్ వాదన. 1917లో ‘నేచర్’ పత్రికలో ఫిడేలు మ్యూట్ మీద ఆయన రాసిన చిన్న ఉత్తరం అచ్చయింది. అదే ఏడు ఆ ఆర్థిక శాఖ ఉద్యోగాన్ని వదిలేసి కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిట్ ప్రొఫెసర్‌గా చేరిపోయాడు.

మన మృదంగం మీద కూడా ఆయనా, శివకాళి కుమార్ అనే సహచరుడూ కలిసి 1920లో రాశారు. మృదంగం ఎడమ వైపు కచేరీకి ముందు విద్వాంసుడు రవ్వ ముద్ద తడిపి అంటించడం చూశారు కదా? కంచానికి మీరు పిండి అంటించిన లాంటి పనే అది. చర్మం నడుమ బరువు పెరిగి స్వరం కిందికి దిగుతుంది, గంభీరంగా పలుకుతుంది. కుడి వైపు నల్లటి పూత కథ మరీ గొప్పది. మామూలు డప్పు చర్మం పైస్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు, అందుకే దెబ్బ వినిపిస్తుంది గానీ శ్రుతి వినిపించదు. నడిమధ్యన మందంగా, అంచుకు పల్చగా పొరలు పొరలుగా వేసిన ఆ పూత పైస్వరాల్ని తీగ వాయిద్యంలోలా వరసలో నిలబెడుతుంది. ఎవరో పేరు తెలియని మనవాళ్ళు చెవినే కొలబద్దగా పెట్టుకుని సాధించిన పని అది. దాని గురించి విడిగా ఓ పూట చెప్పుకోవాలి.

మ్యూట్ పెట్టిన ఫిడేలు దూరంగా ఉన్నట్టు ఎందుకనిపిస్తుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. పక్క ఊళ్ళో మైకు పెట్టారంటే మనకు దరువు తెలుస్తుంది, మాటలు తెలియవు. దగ్గర పడ్డ పిడుగు ఫెళ్ళుమంటుంది, దూరాన పడింది గుడగుడమంటుంది. దూరం వచ్చే దారిలో గాలి పైస్వరాల్నే ఎక్కువగా తినేస్తుంది. గోడలూ చెట్లూ అడ్డొచ్చినప్పుడు కింది స్వరాలు వాటిని చుట్టి వచ్చేస్తాయి, పైవి రాలేవు. పైస్వరాలు తగ్గితే అది దూరపు శబ్దమని మన మెదడు పుట్టినప్పటి నుంచీ నేర్చుకుంటూ వచ్చింది. మ్యూట్ ఆ అలవాటునే వాడుకుంటుంది. ఫ్రాన్స్‌లో లల్లీ అనే స్వరకర్త 1686లో ‘ఆర్మీద్’ అనే సంగీత నాటకంలో, మాయావి వలలో పడి నది ఒడ్డున వీరుడు నిద్రలోకి జారుకునే చోట ఫిడేళ్ళకు మ్యూట్లు పెట్టమని రాశాడు. ఊరికే మెల్లగా వాయించమంటే సరిపోయేది కాదని ఆయనకు తెలుసు. మెల్లగా వాయించినా ఫిడేలు దగ్గరే ఉంటుంది. మ్యూట్ పెడితే అది లోకం అవతలికి వెళ్ళిపోతుంది.

బాకా సంగతికొస్తే కథ తలకిందులు. ట్రంపెట్‌లో పెదాలు అదిరి గొట్టంలో గాలిని ఊపుతాయి. శబ్దం బయటికి రావడానికి ఉన్న దారి ఒక్కటే, ఆ పువ్వులాంటి మూతి. అందుకని మ్యూట్ అక్కడే దూరుస్తారు. మామూలు రకం అల్యూమినియంతోనో గట్టి అట్టతోనో చేసిన శంకువు. దాని చుట్టూ మూడు బెండు పట్టీలు అంటించి ఉంటాయి. పట్టీల మధ్య సన్నని సందుల్లోంచి మాత్రమే శబ్దం రావాలి. ఇది ఫిడేలు మ్యూట్‌కు ఎదురు పని చేస్తుంది. కింది స్వరాల్ని లోపలే ఆపేసి, సుమారు 2,000 హెర్ట్జ్ పైబడిన వాటిని వదిలేస్తుంది. అందుకే మ్యూట్ పెట్టిన ట్రంపెట్ చిన్నగానే ఉన్నా ముక్కుతో మాట్లాడినట్టు సన్నగా, సూటిగా గుచ్చుకుంటుంది. రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తాం గానీ ఒకటి పదును తీసేస్తుంది, ఇంకొకటి లావు తీసేస్తుంది.

పైగా ట్రంపెట్‌లో ఏది దూర్చినా గొట్టంలోని గాలి స్తంభం మారిపోతుంది, శ్రుతి కదులుతుంది. ఇటలీలో మాంటెవెర్డి 1607లో ‘ఓర్ఫేయో’ సంగీత నాటకం మొదట్లో మ్యూట్ పెట్టిన బాకాల కోసం ఒక సూచన రాశాడు. మ్యూట్లతో వాయిస్తే శ్రుతి ఒక మెట్టు పైకి పోతుంది కాబట్టి మిగతా వాయిద్యాలన్నీ ఆ పై శ్రుతిలోనే వాయించాలని. ఇప్పటి మ్యూట్లు అంత మార్చవు గానీ, కొన్ని రకాలు పెట్టినప్పుడు ఇప్పటికీ వాయించేవాళ్ళు గొట్టం కొంచెం బయటికి లాగి సరిచేసుకుంటారు.

అమెరికాలో నల్లజాతి కళాకారులు ఈ మ్యూట్లకు మాటలు నేర్పారు. 1920ల్లో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంలో బబ్బర్ మైలీ అనే ఆయన, సింకు గొట్టంలో చెత్త అడ్డుపడితే పొడిచే రబ్బరు గిన్నె ఉంటుంది చూడండి, దాన్ని కర్ర తీసేసి ట్రంపెట్ మూతికి అడ్డం పెట్టేవాడు. తెరుస్తూ మూస్తూ, గొంతులో గుర్రుమంటూ వాయిస్తే వాయిద్యం అచ్చం మనిషిలా ‘వా, వా’ అనేది. మనం ‘ఊ’ నుంచి ‘ఆ’కు వెళ్ళేటప్పుడు నోరు తెరిచి చేసే పనీ అదే, కొన్ని పైస్వరాల్ని మూసి కొన్నిటిని తెరవడం. తర్వాత మైల్స్ డేవిస్ వచ్చాడు. ఆయనకు ఇష్టమైన హార్మన్ మ్యూట్‌కు బెండు చుట్టూతా ఉంటుంది, సందు ఉండదు. శబ్దమంతా మ్యూట్ లోపలి నుంచే నడవాలి. దాని మధ్యలో ఉండే చిన్న గొట్టం తీసేసి, మైకుకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని వాయించేవాడు. 1956లో రికార్డు చేసిన ‘రౌండ్ మిడ్‌నైట్’ వినండి. శబ్దం చాలా చిన్నది, అయినా అది మీ చెవి పక్కనే ఉంటుంది. మైకు లేని రోజుల్లో ఆ నాదం రెండో వరస దాటేది కాదు.

మరి మన నాదస్వరానికి మ్యూట్ ఎందుకు లేదు? దాని మూతిలో కూడా గుడ్డ కుక్కితే పోలా? కుదరదర్రా. దాని ఒంటినిండా గుమ్మాలే. పై నుంచి కిందికి ఏడు వేలి రంధ్రాలు, వాటి కింద మైనంతో కొంత కొంత మూసి శ్రుతి సరిచూసుకునే రంధ్రాలు. వాయించేటప్పుడు నాదం చాలా వరకు తెరిచి ఉన్న మొదటి రెండు మూడు రంధ్రాల్లోంచే బయటికి వచ్చేస్తుంది. కింది మూతి దాకా చేరేది పైస్వరాల్లో కొంతే. అన్ని వేలి రంధ్రాలూ మూసి వాయించే అడుగు స్వరానికే మూతి మీద ఎక్కువ ఆధారం. అంచేత గుడ్డ కుక్కితే ఆ ఒక్క స్వరం పాడవుతుంది, మిగతావి గట్టిగానే మోగుతాయి. వేణువుకీ అంతే, క్లారినెట్‌కీ అంతే. గుడి వీధిలో ఊరేగింపు ముందు నడవాల్సిన వాయిద్యానికి గొంతు తగ్గించుకోవలసిన పని కూడా లేదనుకోండి. తగ్గించాలంటే విద్వాంసుడి పెదవుల్లోనే, ఊపిరిలోనే ఉంది కిటుకు. నాదస్వరం మీద మెల్లగా ఒక రాగం నడిపించగలిగిన వాళ్ళకు చేతులెత్తి దండం పెట్టాలి.

పియానోకి ఎడమ పెడల్ ఉంటుంది. పెద్ద పియానోలో అది నొక్కితే లోపలి సుత్తుల వరసంతా కాస్త కుడికి జరుగుతుంది. చాలా స్వరాలకు మూడేసి తీగలుంటాయి, సుత్తి ఇప్పుడు రెండింటినే కొడుతుంది. ఇటలీలో 1700 ప్రాంతంలో పియానో కనిపెట్టిన క్రిస్టోఫోరీయే ఇలాంటి ఏర్పాటు చేశాడు. దెబ్బ తినని మూడో తీగ ఊరుకోదు, పక్కవాటిని చూసి తానూ ఊగడం మొదలుపెడుతుంది. పైగా సుత్తి మీది ఉన్ని రోజూ తీగలు కొట్టి గట్టిపడ్డ గాడి తప్పించి మెత్తటి చోట తగులుతుంది. అందుకే అక్కడా శబ్దంతోపాటు రంగు మారుతుంది.

ఇక మీకు పనికొచ్చే సంగతి. ఫిడేలు ఎడమ చెవికి జానెడు దూరంలో ఉంటుంది. గట్టిగా వాయిస్తే అక్కడ 90 డెసిబెల్స్ దాటడం మామూలే. 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు చెవి ఓర్చుకుంటుందని, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి సగం తగ్గించాలని ఒక లెక్క ఉంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. జీవితమంతా వాయించిన వాళ్ళకు కుడి చెవి కన్నా ఎడమ చెవి ఎక్కువగా దెబ్బతినడం వైద్యులు చూశారు. చిన్న గదిలో గంటలకొద్దీ సాధన చేసేటప్పుడు బరువు మ్యూట్ పెట్టుకోండి, పక్క వాటాలో వాళ్ళ కోసం కన్నా ముందు మీ చెవి కోసం. అయితే రోజూ అదే పెట్టుకుని వాయించకండి. కమాను ఎంత నొక్కితే ఎంత పలుకుతుందన్న లెక్క చెయ్యి నేర్చుకోవాలి కదా. మ్యూట్‌తో అది తప్పుగా నేర్చుకుంటుంది, పలకడం లేదని ఇంకా ఇంకా నొక్కుతుంది. రోజూ కాసేపైనా మ్యూట్ తీసి నిండు గొంతుతో వాయించాలి.

ఈ ఆదివారం ఓ పని చేయండి. ఫోనులో శబ్దపు స్పెక్ట్రమ్ చూపించే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఒకటి దింపుకుని, ఫిడేలు ఒక తీగను వేలు పెట్టకుండా నిలకడగా వాయించండి. తెర మీద వరసగా శిఖరాలు లేస్తాయి, మొదటిది మీ శ్రుతి, తర్వాతివి దాని రెండింతలు, మూడింతలు, నాలుగింతలు. మ్యూట్ లేకపోతే బట్టలారేసే చెక్క క్లిప్పు తీసుకోండి. బ్రిడ్జి పక్కకు ఒరగకుండా, పైచెక్కకు గీత పడకుండా మెల్లగా బ్రిడ్జికి తగిలించి మళ్ళీ అదే తీగ, అదే ఒత్తిడితో వాయించండి. తర్వాత రెండో క్లిప్పు కూడా పెట్టండి. మొదటి శిఖరం ఎంత తగ్గిందో, 2,000 దాటినవి ఎంత తగ్గాయో ప్రతిసారీ ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడక్కడా ఒకటో రెండో శిఖరాలు తగ్గకపోగా కొంచెం పెరిగాయనుకోండి, కంగారు పడకండి. క్లిప్పు బరువుకు బ్రిడ్జి కొత్తగా ఏ వేగం దగ్గర ఊగుతోందో అవే మీకు చెబుతాయి. ఆ అంకెలు రాసుకుని తీసుకురండి, కూర్చుని చూద్దాం.